గట్టుకు యిరువైపులా: నందిగామ సరిహద్దులో రెండు రాజ్యాల బతుకు

రెండు దేశాల ఆర్థిక పరిస్థితినీ, జీవన విధానాన్నీ, బతుకు నాణ్యతనూ పోల్చి ఏది మెరుగో తేల్చడం చదువుకున్నవారికి యిష్టమైన పని. తలసరి ఆదాయం ఎంత, సగటు ఆయుర్దాయం ఎంత, బడికి వెళ్లే పిల్లలు నూటికెందరు అని అంకెలు పక్కపక్కన పేర్చి, పెద్ద అంకె వున్న దేశానికి పట్టం కడతారు. యీ పోలికలు వ్యర్థమని ఎవరూ అనరు. అంకెలు లేకుండా ఆర్థిక చరిత్ర రాయలేము. అయితే సగటు అనేది ఎవరి బతుకూ కాదు. దొర రాబడినీ పాలేరు జీతాన్నీ కలిపి రెండుతో భాగిస్తే వచ్చే మొత్తాన్ని ఆ యిద్దరిలో ఎవరూ అనుభవించరు.

ఐరోపా చరిత్రలోనే దీనికి ప్రసిద్ధమైన నిదర్శనం వుంది. 1801 నుంచి ఇంగ్లండు, ఐర్లండు ఒకే సింహాసనం కింద, ఒకే పార్లమెంటు కింద వున్నాయి. అయినా 1845లో బంగాళాదుంప పంటకు తెగులు సోకినప్పుడు, ఆ తర్వాతి కొద్ది ఏళ్లలో ఐర్లండులో సుమారు 10 లక్షల మంది చనిపోయారు. మరో 10 లక్షలకు పైగా దేశం విడిచి పోయారు. ఆ ఏళ్లలోనే ఐర్లండు రేవుల నుంచి ధాన్యమూ పశువులూ ఇంగ్లండుకు ఎగుమతి అయ్యాయి. ఆ తర్వాతి ఐర్లండును కార్ల్ మార్క్సు "పెట్టుబడి" మొదటి సంపుటంలో పరిశీలించి, జనాభా తరిగిపోతూ వుంటే భూస్వాముల కౌళ్లూ పెద్ద కమతదారుల లాభాలూ ఎట్లా పెరిగాయో చూపించాడు. చచ్చినవారిని, వలసపోయినవారిని తీసివేసి మిగిలినవారికి లెక్క వేస్తే సగటు మెరుగుపడినట్లే కనిపిస్తుంది.

యిటువంటి పాఠం కోసం మనం ఐరోపా దాకా పోనక్కరలేదు. పాత కృష్ణాజిల్లా మెట్టప్రాంతంలో, నందిగామ, జగ్గయ్యపేటల పొలిమేరల్లో 1948 దాకా రెండు రాజ్యాలు పొలంగట్టుకు అటూ యిటూ వుండేవి. యిటు 1947 దాకా బ్రిటిషువారు ఏలిన మద్రాసు రాజధాని. అటు నిజాం హైదరాబాదు. వేరు నాణెం, వేరు సుంకం, వేరు పాలనాభాష, వేరు భూచట్టం. 82,000 చదరపు మైళ్లకు పైగా నేల, 1941 జనాభా లెక్కల్లో కోటీ 60 లక్షలకు మించిన జనం వున్న హైదరాబాదు రాజ్యం ఐరోపాలోని చాలా దేశాలకు తీసిపోయేది కాదు. గట్టుకు రెండువైపులా మనుషులు ఒక్కటే, నేల ఒక్కటే. కనుక బతుకులో కనిపించిన తేడాలకు కారణం వెతకడానికి యింతకంటె మంచి చోటు దొరకదు. యిక్కడ మనిషి బతుకు మెరుగుపడిందా లేదా అన్నది రాజు ఎవరనే దానికంటె మూడు విషయాల మీద ఎక్కువగా ఆధారపడిందని నా వాదం: భూమి ఎవరి చేతిలో వుంది, నీరు ఎవరికి పారింది, నోరెత్తే వీలు ఎంత వుంది.

గీత ఎట్లా పడింది

యీ నేలకు రెండు రాజ్యాల చరిత్ర కొత్తది. ఒకే నాగరికత చరిత్ర పాతది. జగ్గయ్యపేట దగ్గర బర్జెస్ 1882లో తవ్వించిన బౌద్ధస్తూపం, ఖమ్మంవైపు నేలకొండపల్లి స్తూపం, సూర్యాపేటవైపు ఫణిగిరి ఆరామాలు ఒకే సంప్రదాయానికి చెందినవి. ఇక్ష్వాకురాజు వీరపురుషదత్తుని శాసనం జగ్గయ్యపేటలో దొరికింది. ఆయన రాజధాని విజయపురి కృష్ణకు ఎగువన, నాగార్జునకొండ లోయలో వుండేది. గోల్కొండ నుంచి బందరు రేవుకు సాగిన వర్తకపు బాట కూడా యీ నేలనే ఒరుసుకుంటూ పోయింది. పదిహేడో శతాబ్దంలో ఫ్రెంచి రత్నాల వర్తకుడు తావెర్నియే ఆ బాటన నడిచినవాడే.

ఉత్తర సర్కారులను 1766 ఒడంబడికతో నిజాం ఈస్టిండియా కంపెనీకి వదిలిపెట్టాడు. కొండపల్లి సర్కారు కంపెనీ కిందికి పోయింది. దానికి పడమట, ఉత్తరాన వున్న సీమ నిజాం కింద మిగిలింది. యిట్లా పడిన గీత భాషనుబట్టి కానీ, నదినిబట్టి కానీ, రైతు సౌకర్యాన్నిబట్టి కానీ పడింది కాదు. ఎవరికి ఎంత రాబడి అనే బేరాన్నిబట్టి పడింది. ఆ బేరం ఎంత విచిత్రమైనదో చెప్పడానికి రెండు ముక్కలు చాలు. వజ్రపు గనులను వాటి గ్రామాలతో సహా నిజాం తనకే అట్టిపెట్టుకున్నాడు. అందువల్ల పరిటాల, దాని చుట్టుపక్కల కొద్ది వూళ్లు బ్రిటిషు నందిగామ తాలూకా నడుమ నిజాం ద్వీపంగా మిగిలిపోయాయి. దానికి ఎదురుగా, నిజాం నల్లగొండ జిల్లా నడుమ మునగాల పరగణా అనే 20కి పైగా వూళ్లు నందిగామ తాలూకాలో భాగంగా, బ్రిటిషు ద్వీపంగా వుండేవి. పోలికలు చేసే చరిత్రకారుడికి యిది వరం. రాజ్యం మారితే బతుకు ఎంత మారుతుందో, రాజ్యం మారినా మారనిదేమిటో యీ రెండు ద్వీపాలూ చెబుతాయి.

జగ్గయ్యపేట కూడా ఒక జమీందారు కట్టిన పేటే. బేతవోలు అనే పాత వూరి దగ్గర వాసిరెడ్డి వేంకటాద్రినాయుడు తన తండ్రి పేర దానిని నిలిపాడు. 1816లో వేంకటాద్రినాయుడు పోయిన తర్వాత దత్తపుత్రుల మధ్య దావాలు దశాబ్దాల తరబడి సాగాయి. జమీందారుల తగవులకు కోర్టుఖర్చు ఎవరి చెమట నుంచి వచ్చిందో వేరే చెప్పనక్కరలేదు.

నేల ఒక్కటే

మునేరు, పాలేరు, వైరా యివన్నీ తెలంగాణాలో పుట్టి దిగువకు పారేవే. వాటికి కరోడ్‌గిరీ నాకాలు అడ్డం రాలేదు. రెండువైపులా నల్లరేగడి, ఎర్రచెల్క కలిసిన మెట్ట. రెండువైపులా జొన్న, కంది, ఆముదం, వేరుసెనగ, పత్తి, మిరప. చెరువు కింద కొద్దిపాటి వరి. వాన పడితే పంట, పడకపోతే పస్తు. జొన్నసంకటి, జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ కారం రెండువైపులా వాడుకలో వున్న తిండి. పిల్లనిచ్చి పుచ్చుకోవడం గట్టు దాటి సాగింది. మాలపల్లె, మాదిగపల్లె రెండువైపులా వూరికి బయటనే వుండేవి.

నిజాం రాజ్యం పేదది, బ్రిటిషు జిల్లా కలిగినది అని మనం పాఠ్యపుస్తకాల్లో చదివిన మాటను యీ గట్టు మీద నిలబెట్టి చూస్తే, అది తిండి విషయంలో నిలవదు. మధిర తాలూకా మెట్టరైతు తినే కూడూ, నందిగామ తాలూకా మెట్టరైతు తినే కూడూ ఒకటే. అయితే తేడాలు లేవా అంటే, వున్నాయి. వాటిని ఒక్కొక్కటిగా చూడాలి.

భూమి ఎవరిది

హైదరాబాదు రాజ్యంలో నేల మూడు తెగలుగా వుండేది. సుమారు నూటికి 60 వంతులు దివానీ, అంటే ప్రభుత్వం నేరుగా శిస్తు వసూలు చేసేది. సుమారు 30 వంతులు జాగీర్లు. మిగిలిన 10 వంతులు సర్ఫెఖాస్, అంటే నిజాం సొంత ఖర్చులకు కేటాయించినది. దివానీ గ్రామాల్లో సైతం శిస్తు వసూలుదార్లుగా మొదలైన దేశ్‌ముఖులు, రికార్డులు చేతిలో వున్న దేశ్‌పాండ్యాలు, పటేల్ పట్వారీలు పొలాలను తమ పేర రాయించుకున్నారు. మన సరిహద్దుకు దగ్గరలోనే వున్న మధిర తాలూకాలో కల్లూరు దేశ్‌ముఖు కింద లక్ష ఎకరాలు వుండేవని పుచ్చలపల్లి సుందరయ్య తెలంగాణా పోరాటంపై రాసిన గ్రంథంలో లెక్క చెప్పారు.

అంత భూమి ఒక చేతిలో వున్నచోట కూలి అనే మాటకు అర్థం వుండదు. దొర గడీకి చాకలి నీళ్లు మోయాలి. కుమ్మరి కుండలు యివ్వాలి. గౌడు కల్లు పోయాలి. మాల మాదిగలు పొలమూ దున్నాలి, కబుర్లూ మోయాలి. అధికారి దౌరా వచ్చినప్పుడు కోళ్లూ బియ్యమూ వూరు సమకూర్చాలి. యిదే వెట్టి. వెట్టిని నిషేధిస్తూ ఫర్మానాలు వెలువడ్డాయి. గడీ గుమ్మం దాటి అవి లోపలికి పోలేదు. అప్పు తీరేదాకా తరతరాలు కట్టుబడి వుండే భగేలాతనం, గింజలు అప్పుతెచ్చి ఒకటికి ఒకటిన్నర కొలిచే నాగు దీనికి తోడు.

గట్టుకు యిటువైపు ఏమిటి? కొన్ని వూళ్లు రైత్వారీ, కొన్ని జమీందారీ, కొన్ని ఇనాములు. 1908 నాటి మద్రాసు ఎస్టేట్ల భూచట్టం జమీందారీ రైతుకు సాగుహక్కు వుందని అంగీకరించింది. జమీందారు మీద రైతు దావా వేయవచ్చు. చట్టపుస్తకంలో యిది పెద్ద తేడా. కానీ యీ తేడా పొలంలో ఎంత మిగిలిందో తెలుసుకోవాలంటే మునగాల వెళ్లాలి.

మునగాల రాజా నాయని వేంకటరంగారావు విద్యాపోషకుడు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం స్థాపించినవారిలో ఆయన ఒకరు. ఆయన దివాను కొమర్రాజు వేంకట లక్ష్మణరావు. 1877లో నందిగామ తాలూకా పెనుగంచిప్రోలులో పుట్టి, 1906లో మొదలైన విజ్ఞానచంద్రికా మండలికి ప్రాణంగా నిలిచి, తెలుగువారికి చరిత్రా విజ్ఞానశాస్త్రాలూ తెలుగులో అందించిన మహనీయుడు. తెలుగు సారస్వతం ఆ సంస్థానానికి రుణపడి వుంది. అయినా ఆ పరగణాలోనే రైతులు వెట్టికీ అక్రమ వసూళ్లకూ వ్యతిరేకంగా 1930ల చివర సత్యాగ్రహానికి దిగవలసి వచ్చింది. చట్టం బ్రిటిషుది, జెండా బ్రిటిషుది, జిల్లా కృష్ణాది. కానీ భూమి ఒక ఎస్టేటు గుప్పిట్లో వుంది కనుక వెట్టి చుట్టూవున్న నిజాం గ్రామాల్లో వున్నట్లే అక్కడా వుంది. రాజ్యం మారినా భూసంబంధం మారకపోతే బతుకు మారదనడానికి యింతకంటె సాక్ష్యం అక్కరలేదు. ఒక ప్రభువు సంస్కారవంతుడైనంత మాత్రాన అతని కింద దోపిడీ ఆగదనే పాఠమూ దీనిలోనే వుంది.

డబ్బు, సుంకం, అంగడి

జగ్గయ్యపేట బజారులో రెండు నాణేల లెక్క తెలియని వర్తకుడు వుండేవాడు కాదు. యిటు కల్దారు రూపాయి, అటు హాలీ సిక్కా. ఏడు హాలీ రూపాయలు దాదాపు ఆరు కల్దార్లకు సమానం. నిజాం రాజ్యంలోకి వచ్చే సరుకుమీదా, పోయే సరుకుమీదా నూటికి అయిదు చొప్పున కరోడ్‌గిరీ సుంకం. గింజలు అమ్ముకునే చిన్నరైతుకు ఆ మారకపు లెక్కలో ఒక కోత, సుంకంలో ఒక కోత, తూకంలో ఒక కోత. రెండు రాజ్యాల మధ్య ధరల తేడావల్ల లాభపడినవాడు సరుకు నిలవచేసుకోగలిగినవాడే. కోత కోసిన మర్నాడే అమ్ముకోవలసినవాడికి ఆ లాభం అందలేదు.

1889 నాటికి నిజాం రైలు బెజవాడ చేరింది. ఖమ్మం, మధిరల మీదుగా పోయిన ఆ రైలు సింగరేణి బొగ్గును, తెలంగాణా నూనెగింజలను రేవులకు చేర్చింది. దానితో పాతబాట మీద వున్న పేటల వర్తకం కొంత రైలుస్టేషన్లకు మళ్లింది. రైలు వేసిందీ, సుంకం పెట్టిందీ సరుకు కోసమే. దాన్ని పండించినవాడి కోసం కాదు.

చదువు, మాట

నిజంగా తేడా కనిపించిన రంగం యిది. హైదరాబాదులో 1884లో పారసీ బదులు ఉర్దూ పాలనాభాష అయింది. ప్రజల్లో అత్యధికులు తెలుగు, మరాఠీ, కన్నడం మాట్లాడేవారు. తహసీలులో ఏం రాశారో, కోర్టులో ఏం చదివారో రైతుకు తెలిసేది కాదు. తన పొలం పోయిన సంగతి పరాయి లిపిలో దాగివుండేది. 1918లో ప్రారంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం భారతీయ భాషలో ఉన్నతవిద్య చెప్పవచ్చునని రుజువు చేసింది. అది గొప్ప పనే. అయితే ఆ భాష గ్రామీణ తెలుగు బాలుడిది కాదు. గస్తీ 53 అనే ఉత్తర్వు ప్రకారం సభ పెట్టాలంటే ముందుగా అనుమతి తెచ్చుకోవాలి. 1951 జనాభా లెక్కల్లో హైదరాబాదు రాష్ట్రపు అక్షరాస్యత నూటికి పదిలోపే వుండగా, మద్రాసు రాష్ట్రానిది దానికి సుమారు రెట్టింపు.

యిటువైపు బడి వుంది, గ్రంథాలయ వుద్యమం వుంది, పత్రిక వుంది. బందరు నుంచి 1902లో కృష్ణాపత్రిక వచ్చింది. బెజవాడలో 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. సభ పెట్టుకోవచ్చు, ఒక్కొక్కప్పుడు జైలుకు పోవలసివచ్చినా. యీ వీలు గట్టుదాటి అటు కూడా వుపయోగపడింది. నందిగామ తాలూకాలో పుట్టిన మాడపాటి హనుమంతరావు హైదరాబాదులో ఆంధ్రోద్యమానికి పెద్దదిక్కు అయ్యారు. 1921లో ఆంధ్రజనసంఘం, 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్రమహాసభ. వెట్టికి వ్యతిరేకంగా కరపత్రాలు అచ్చువేసిన ఆ వుద్యమమే తర్వాత రావి నారాయణరెడ్డి నాయకత్వంలో, 1944 భువనగిరి సభతో రైతు పోరాటానికి పునాది అయింది.

అంటే బతుకు నాణ్యత లెక్కలో తిండి, బట్టలతోపాటు నోరెత్తే హక్కు కూడా ఒక పద్దు. మెట్టరైతు కంచంలో రెండువైపులా ఒకటే జొన్న. కానీ కడుపుమంటను కాగితం మీద పెట్టే వీలు ఒకవైపు కొంత వుంది, మరొకవైపు లేదు.

ఆనకట్టకు ఎగువ, దిగువ

అయితే పాఠకులు ఒక ప్రశ్న వేయవచ్చు. కృష్ణాజిల్లా సంపన్నమైనదనే మాట మరి ఎక్కడి నుంచి వచ్చింది? అది డెల్టా గురించిన మాట. 1833 కరువులో గుంటూరు సీమలో సుమారు 5 లక్షల జనాభాలో 2 లక్షల మంది చనిపోయారని లెక్క. పక్కనే కృష్ణ పారుతూనే వుంది. జనం పోతే కంపెనీకి శిస్తు పోయింది. ఆ తర్వాతనే, 1855 నాటికి బెజవాడ దగ్గర ఆనకట్ట పూర్తయింది. పెట్టిన పెట్టుబడికి నీటితీరువా రూపంలో రాబడి వస్తుందనే లెక్క దాని వెనక వుంది. కాలువకింద వరి పండింది, భూమి ధర పెరిగింది, బందరులో 1923లో ఆంధ్రాబ్యాంకు వెలిసింది, కాలేజీలు, పత్రికలు, వుద్యోగాలు వచ్చాయి.

ఆనకట్టకు ఎగువనున్న నందిగామ, తిరువూరు తాలూకాలకు ఆ నీరు ఎక్కలేదు. ఒకే కలెక్టరు, ఒకే శిస్తు చట్టం, ఒకే జిల్లా బోర్డు. అయినా దివిసీమ వరిరైతుకూ నందిగామ మెట్టరైతుకూ మధ్య వున్న దూరం, నందిగామ రైతుకూ మధిర రైతుకూ మధ్య వున్న దూరంకంటె ఎక్కువ. ఆంధ్ర, తెలంగాణాల జీవన ప్రమాణాలను పోల్చేవారు చాలాసార్లు చేసిన పొరపాటు యిక్కడ వుంది: డెల్టాను తీసుకువచ్చి ఆంధ్ర అన్నారు, మెట్టను తీసుకువచ్చి తెలంగాణా అన్నారు. నీటికీ నీరులేమికీ మధ్య తేడాను రెండు జాతుల సామర్థ్యంలో తేడాగా చూపించారు. డెల్టాలో సైతం వరి పండించిన కౌలుదారు, నాట్లు వేసిన కూలిస్త్రీ ఆ సంపదలో ఎంత పంచుకున్నారో ఆ సగటు చెప్పదు.

గీత మీద నిప్పు

1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన తర్వాత తెలంగాణా రైతు ఆయుధం పట్టాడు. అప్పుడు యీ సరిహద్దుకు కొత్త అర్థం వచ్చింది. రజాకార్ల దాడులనుంచి కుటుంబాలు పిల్లాజెల్లాతో గట్టుదాటి జగ్గయ్యపేట, నందిగామల వైపు వచ్చాయి. స్టేట్ కాంగ్రెసు శిబిరాలు, కమ్యూనిస్టుల రహస్యకేంద్రాలు రెండూ సరిహద్దు వెంట పనిచేశాయి. పరిటాల చుట్టుపక్కల వూళ్లు నిజాం పాలనను తోసివేసి తమకు తామే స్వతంత్రం ప్రకటించుకున్నాయి. తెలంగాణా రైతు కథను "మాభూమి" నాటకంగా రాసిన సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కృష్ణాజిల్లావారే. దానిని నిషేధించింది మద్రాసు ప్రభుత్వం.

యీ చివరిమాట దగ్గర ఆగి ఆలోచించాలి. యిటువైపు వున్నదనుకున్న మాట్లాడే హక్కు ఎంతదాకా వచ్చింది? 1947 జనవరిలో ప్రకాశం ఆర్డినెన్సు వచ్చింది. 1948 సెప్టెంబరు 13న యూనియన్ సైన్యాలు బెజవాడ బాటనుంచి కూడా నిజాం రాజ్యంలో ప్రవేశించాయి. 17న నిజాం లొంగిపోయాడు. 1949 జూలైలో కృష్ణాజిల్లా కాటూరు, ఎలమర్రు గ్రామాల్లో ప్రజలను మలబారు పోలీసులు వివస్త్రలను చేసి గాంధీ విగ్రహం చుట్టూ తిప్పారు. హక్కు చట్టపుస్తకంలో వుండడం వేరు, భూమి జోలికి పోయినప్పుడు కూడా ఆ హక్కు నిలవడం వేరు.

అదే కాలంలో గట్టుకు అటువైపు జరిగిన మార్పును ఏ తలసరి ఆదాయపు పట్టికా పట్టుకోలేదు. సుందరయ్య లెక్క ప్రకారం సుమారు 3 వేల గ్రామాల్లో 10 లక్షల ఎకరాలు పేదలకు పంచారు. నాలుగువేల మంది ప్రాణాలు కోల్పోయారు. భూమిలో చాలాభాగం తర్వాత భూస్వాములకు తిరిగిపోయింది. కానీ వెట్టి తిరిగిరాలేదు. 1949 ఆగస్టులో జాగీర్లు రద్దయ్యాయి, 1950లో కౌలుదారీ చట్టం వచ్చింది. యిటు 1948లో మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది. రెండు రాజ్యాల పాలకులు వేరువేరుగా, ఏడాది తేడాతో, ఒకే పని చేయవలసి రావడం యాదృచ్ఛికం కాదు. కిందినుంచి వచ్చిన ఒత్తిడి ఒకటే.

గీత చెరిగి, మళ్లీ పడింది

1956లో రాష్ట్రం ఒకటయింది. 1959లో మునగాల నల్లగొండ జిల్లాలో కలిసింది. హాలీ సిక్కా చెలామణి నుంచి తప్పుకొంది. నీటిలెక్క కూడా మారింది. నందికొండ దగ్గర ఆనకట్ట కట్టాలని ప్రయత్నించినవారిలో జగ్గయ్యపేట దగ్గరి ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాదు ముఖ్యుడు. 1952లో ఖోస్లా సంఘం ఆ స్థలాన్ని సమర్థించింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశాడు, 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదిలారు. నాగార్జునసాగర్ ఎడమకాలువ నల్లగొండ, ఖమ్మం మెట్టలను తడిపి కృష్ణాజిల్లా మెట్టకు చేరింది. రెండు రాజ్యాలు రెండు శతాబ్దాల్లో యివ్వనిది ఒక కాలువ యిచ్చింది. ఆ కాలువ గీతను చూడలేదు. అయితే కాలువ చివరనున్న చేనుకు నీరు చివరనే వస్తుందనే కొత్త అసమానత కూడా అప్పుడే పుట్టింది.

2014 జూన్ 2న పాతగీత దాదాపు ఆ చోటనే మళ్లీ పడింది. ఆ గీతకు అటు కోదాడ, హుజూర్‌నగర్. యిటు జగ్గయ్యపేట, నందిగామ. 2022 నుంచి యివి ఎన్టీఆర్ జిల్లాలో వున్నాయి. ఒకే సున్నపురాతి పొర మీద యిరువైపులా సిమెంటు కర్మాగారాలు. యిరువైపులా పత్తి, మిరప, వాటివెంట అప్పు. మళ్లీ పోలికలు మొదలయ్యాయి. ఏ రాష్ట్రపు తలసరి ఆదాయం ఎంత అని పత్రికలు పట్టికలు వేస్తున్నాయి. హైదరాబాదు మహానగరపు రాబడి కలిసిన సగటు కోదాడ కౌలురైతు బతుకు చెప్పదు. అట్లాగే కోస్తా రేవుల, డెల్టా చేపలచెరువుల రాబడి కలిసిన సగటు నందిగామ పత్తికూలీ బతుకు చెప్పదు.

మనం అడగవలసిన ప్రశ్న పాతదే. 2018లో తెలంగాణా రాష్ట్రం రైతుబంధు ప్రవేశపెట్టినప్పుడు ఎకరానికి యింతని పట్టాదారుకు యిచ్చింది. దున్నుతున్న కౌలుదారుకు యివ్వలేదు. 2019లో ఆంధ్రప్రదేశ్ రైతుభరోసాలో భూమిలేని కౌలుదార్లలో కొన్ని వర్గాలను చేర్చింది. కానీ అదే ఏడాది చేసిన సాగుదారుల హక్కుల చట్టం కౌలుకార్డుకు భూయజమాని అంగీకారం కావాలన్నది. యజమాని సంతకం పెట్టకపోతే కౌలుదారు కాగితంమీద లేడు. రెండు రాష్ట్రాలు, రెండు పార్టీలు, రెండు పథకాలు. గట్టుమీద నిలబడి చూస్తే, దున్నేవాడి పేరు రికార్డులో లేకపోవడం మాత్రం రెండువైపులా ఒకటే. ఉర్దూలో రాసిన పహాణీలో తనపేరు లేదని తెలియని పాతరైతుకూ, కంప్యూటరులో తనపేరు లేదని తెలిసినా ఏమీ చేయలేని నేటి కౌలుదారుకూ మధ్య దూరం మనం అనుకున్నంత లేదు.

అందుచేత ఉపాధ్యాయులకూ విద్యార్థిమిత్రులకూ ఒక పని సూచిస్తాను. గట్టుకు అటు ఒక వూరూ, యిటు ఒక వూరూ తీసుకోండి. మునగాల పరగణాలో ఒకటి, పరిటాల దగ్గర ఒకటి తీసుకుంటే మరీ మంచిది. భూమి ఎవరి పేర వుంది, ఎవరు దున్నుతున్నారు, కాలువనీరు ఏ నెలలో ఏ చేనుకు వచ్చింది, పాత మాలపల్లె పిల్లల్లో ఎందరు పదో తరగతి దాటారు, గ్రామసభలో కూలిస్త్రీ ఎన్నిసార్లు మాట్లాడింది అని యిల్లిల్లూ తిరిగి రాయండి. రాష్ట్రాల సగటులను ప్రభుత్వాలు ఎట్లాగూ ప్రకటిస్తాయి. వాటికింద పడి కనిపించకుండా పోయిన లెక్కను యీ రెండు వూళ్ల పట్టికలే బయటపెడతాయి. ఆ పట్టికలు చేతిలో వున్న కౌలుదారూ కూలీ, గట్టుకు ఏవైపు వున్నా, తహసీలు ముందు ఒకే అర్జీ పెట్టగలుగుతారు.